బరువే అసలు లెక్క: సాలూరు ఘాట్ మీద చిన్న కారు

ఒడిశా సరిహద్దున రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు తెలుగు ఇళ్లల్లో కారు కొనాలన్న మాట వచ్చిందంటే ముందు వినిపించే ప్రశ్న ‘ఎంతిస్తుంది?’ అనే. షోరూంలో దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. మారుతి ఆల్టో కె10 మాన్యువల్‌కు లీటరుకు 24.39 కిలోమీటర్లు, సెలేరియో ఆటోమేటిక్‌లో ఒక వేరియంట్‌కు 26.68. బండి ఇంటికొచ్చి నాలుగు నెలలు తిరిగాక మాత్రం ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది. పార్వతీపురం రోడ్డులో 19 వస్తోందని ఒకరు, సాలూరు నుంచి కొరాపుట్‌కు కొండెక్కే ఘాట్ రోడ్డులో 16 కూడా దాటడం లేదని ఇంకొకరు, విజయనగరం దాటాక విశాఖ హైవేలో 23 చూశామని మరొకరు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. కంపెనీ వేసిన అంకె కూడా అబద్ధం కాదు.

ఈ తేడాలకు డ్రైవరు కాలిని తప్పుపట్టడం మామూలే. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం ఈ బండ్లను తయారుచేసిన పద్ధతిలోనే ఉంది. చవకైన చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇంజినీరింగ్ అంతా బరువు తగ్గించడం చుట్టూ తిరుగుతుంది. మైలేజీ, తక్కువ ధర, ఇరుకు సందులో తేలిగ్గా తిరగడం, అన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. ఘాట్‌లో వచ్చే ఇబ్బందులూ అక్కణ్ణుంచే వస్తాయి. బండి ఎంత తేలికైతే, ఎక్కిన మనుషుల బరువు దానికి అంత ఎక్కువగా తెలుస్తుంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద కనిపించే అంబాసిడర్ వెయ్యి కిలోలు దాటి తూగేది. 2000లో ఆల్టో వచ్చింది, 2014 జనవరిలో 800 తయారీ ఆగింది, 2023లో కొత్త ఉద్గార నిబంధనలు రాగానే ఆల్టో 800 కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ వరసలో మిగిలింది 2022 ఆగస్టులో కొత్త రూపంలో వచ్చిన ఆల్టో కె10. ఇంజిన్ 998 సీసీ, 67 హార్స్‌పవర్, నిమిషానికి 3,500 తిరుగుళ్ల దగ్గర 89 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). పొడవు మూడున్నర మీటర్లు. బరువు 740 కిలోల ప్రాంతంలో. ఏసీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, పవర్ స్టీరింగ్ అన్నీ చేరాక కూడా నలభై ఏళ్లనాటి 800 మీద వంద కిలోలలోపే పెరిగిందంటే, ఆ ఇంజినీర్లు గ్రాము గ్రాముకూ లెక్క చూసుకున్నారనే అర్థం.

ప్రభుత్వం కూడా ఈ దిశలోనే నెట్టింది. 2006 బడ్జెట్‌లో చిన్న కారు అంటే నాలుగు మీటర్లు మించని పొడవు, పెట్రోల్ అయితే 1,200 సీసీ మించని ఇంజిన్ అని గీత గీసి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత తర్వాత జీఎస్టీలోనూ అలాగే నిలిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి కార్ల మీద జీఎస్టీ 18 శాతం. పన్ను కోసం గీసిన గీతే చివరికి దేశంలో బండ్ల కొలతలను నిర్ణయించేసింది.

బరువు ఎలా తగ్గించారన్నది ఆసక్తికరమైన సంగతి. రేకు పలచన చేసేశారని మెకానిక్ షెడ్లలో అనుకునే మాట సగమే నిజం. సుజుకీ హార్టెక్ట్ అని పేరు పెట్టిన ప్లాట్‌ఫాంలో అడుగు భాగపు ముఖ్యమైన పట్టీలు ముక్కలుగా విరిగి అతుకులు పడకుండా వంపులు తిరుగుతూ ఒకే వరసలో సాగుతాయి. అతుకు ఉన్నచోట బలం కోసం అదనపు రేకు వెయ్యాలి. అతుకు తగ్గితే ఆ రేకూ తగ్గుతుంది. బలం ఎక్కువున్న స్టీలు వాడితే తక్కువ మందంతో పని జరుగుతుంది. స్టీరింగ్‌కు నూనె పంపు బదులు చిన్న కరెంటు మోటారు పెడితే కొంత బరువు పోవడమే కాక, ఇంజిన్ ఎప్పుడూ ఆ పంపును తిప్పుతూ కూర్చోవాల్సిన పని కూడా తప్పుతుంది.

నాలుగు సిలిండర్ల బదులు మూడు పెట్టడం కూడా ఇందులో భాగమే. ఒక పిస్టన్, ఒక కనెక్టింగ్ రాడ్, కొన్ని వాల్వులు తగ్గుతాయి. రాపిడి తగ్గుతుంది. నష్టం ఏమిటంటే వణుకు. నాలుగు సిలిండర్లలో ఇంజిన్ 180 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ మండుతుంది, మూడింటిలో 240 డిగ్రీలకు ఒకసారి. పైగా ముందు చివర, వెనక చివర ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. అందుకే రైల్వే గేటు దగ్గర ఐడ్లింగ్‌లో ఆగినప్పుడు సీటు, గేర్ రాడ్ కాస్త వణుకుతాయి. దాన్ని రబ్బరు మౌంటింగులతో అణచడమే తప్ప పూర్తిగా తీసెయ్యడం ఈ ధరలో కుదరదు. కొత్త బండిలో ఆ వణుకు చూసి కంగారుపడాల్సిన పని లేదు. పాత బండిలో అది ఒక్కసారిగా పెరిగితే మాత్రం మౌంటింగులు చూపించుకోవాలి.

చిన్న ఇంజిన్‌కే మైలేజీ ఎందుకు ఎక్కువ అన్నదానికి వెనక ఒక తమాషా ఉంది. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవడానికి ఇంత చిన్న బండికి కావలసింది అయిదారు హార్స్‌పవరే. గాలి ఎదురు, టైర్ల రాపిడి, రెండూ కలిపి లెక్కకడితే వచ్చే అంకె అది. 100 కిలోమీటర్ల వేగంలో కూడా 15, 16 దాటదు. మిగతా యాభై చిల్లర హార్స్‌పవర్ ఊరికే కూర్చుని ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ తక్కువ శక్తి ఇవ్వాలంటే లోపలికి వచ్చే గాలిని తగ్గించాలి. అంటే ముప్పావు వంతు మూసిన త్రాటిల్ (గాలి దారిలోని మూత) గుండా గాలిని బలవంతంగా పీల్చుకోవాలి. ఆ పీల్చుకోవడానికే కొంత పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజిన్ ఎంత పెద్దదైతే త్రాటిల్ అంత ఎక్కువగా మూసుకుని ఉండాలి, వృథా అంత ఎక్కువ. చిన్న ఇంజిన్ అదే పనిని తన శక్తిలో ఎక్కువ వంతు వాడి చేస్తుంది కాబట్టి దాని పెట్రోలు ఎక్కువగా చక్రానికే చేరుతుంది. సెలేరియో, కె10 లాంటి వాటిలో ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు రెండు పెట్టిన డ్యూయల్‌జెట్ పద్ధతి దీనికి తోడు. పెట్రోలు ఇంకా సన్నని తుంపరగా మారి గాలిలో బాగా కలుస్తుంది.

ఇక్కడిదాకా అంతా లాభమే. ఇప్పుడు మనుషుల్ని ఎక్కించి చూద్దాం.

740 కిలోల బండి, 67 హార్స్‌పవర్. టన్నుకు 90 పడుతుంది. చాలా మంచి లెక్క. ఈ నిష్పత్తి వల్లే డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు కె10 టౌనులో చలాకీగా దూకుతుంది. అందులో అయిదుగురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా, బ్యాగులు పెడితే సుమారు 350 కిలోలు చేరతాయి. టన్నుకు 90 ఉన్నది 61కి పడిపోతుంది. అదే 350 కిలోలను 1,400 కిలోలు, 115 హార్స్‌పవర్ ఉన్న పెద్ద బండిలో ఎక్కిస్తే 82 నుంచి 66కి దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చిన్నదే ముందు, లోడు వేశాక పెద్దదే ముందు. టెస్ట్ డ్రైవ్‌లో ఇది తెలియదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేది ఇద్దరు ముగ్గురు, తిప్పేది షోరూం చుట్టూ రెండు కిలోమీటర్లు. సరిహద్దు జిల్లాల్లో బండి నిజంగా తిరిగేది పెళ్లికి, విశాఖలో ఆసుపత్రికి, పండక్కి అత్తారింటికి. ఆ మూడు ప్రయాణాల్లోనూ సీటు ఖాళీ ఉండదు.

కాగితం మీది మైలేజీకి, ఈ ప్రయాణానికి సంబంధం ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తేలుతుంది. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. బండిని రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల వరసలో 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ, నడుపుతారు. వేగం ఎక్కడా 90 దాటదు, సగటు 32 ప్రాంతం. ఏసీ ఆపేసి ఉంటుంది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. బండి ఖాళీ బరువుకు 150 కిలోలు, ఇద్దరు మనుషుల బరువనుకుందాం, కలిపి లెక్క చూస్తారు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి ఆ అంకె బాగానే పనికొస్తుంది. నెలకు పెట్రోలు ఖర్చు ఎంతవుతుందో అంచనా వేసుకోవడానికి పనికిరాదు.

సాలూరు దగ్గర భూమి సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తు. కొరాపుట్ 870 మీటర్ల పైచిలుకు. మధ్యలో సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి సుమారు 75 కిలోమీటర్లు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ రోడ్డుకు దగ్గర్లోదే. నలుగురు మనుషులు, సామానుతో కలిపి 1,060 కిలోల బండిని 750 మీటర్ల పైకి చేర్చడానికి ఎంత పెట్రోలు కావాలో బడిలో చదువుకున్న సూత్రంతోనే కట్టొచ్చు. దాదాపు 78 లక్షల జౌళ్లు కావాలి. లీటరు పెట్రోలులో మూడు కోట్ల జౌళ్ల శక్తి ఉన్నా, బాగా లాగుతున్న ఇంజిన్ అందులో మూడో వంతు కంటే తక్కువే చక్రానికి ఇస్తుంది. అంటే కేవలం ఎత్తు ఎక్కినందుకు అయ్యే ఖర్చు 0.9 లీటరు దాకా ఉంటుంది. చదునులో 20 ఇచ్చే బండి 75 కిలోమీటర్లకు 3.75 లీటర్లు తాగుతుంది కదా, ఇప్పుడు అది 4.6 దాటుతుంది. మైలేజీ 16. బండిలో ఏ లోపమూ లేకపోయినా 16 వస్తుంది. డ్రైవరు ఒక్కడే ఉంటే ఎత్తు ఖర్చు 0.7 లీటరుకు దిగుతుంది.

తిరుగు ప్రయాణంలో ఆ ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది. ఎంతొస్తుందన్నది దిగే పద్ధతి మీద ఉంటుంది. అందువల్ల ఘాట్ మీద ఎక్కేటప్పటి మైలేజీ చూసి బాధపడటం, దిగేటప్పటిది చూసి మురిసిపోవడం రెండూ అనవసరం. సాలూరులో ట్యాంక్ ఫుల్ చేసి, కొరాపుట్ వెళ్లొచ్చి, మళ్లీ అదే బంకులో ఫుల్ చేస్తే వచ్చిందే నిజమైన లెక్క. 16ని, దిగేటప్పటి 24ని కూడి రెండుతో భాగిస్తే 20 అని తప్పు జవాబు వస్తుంది. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి, అప్పుడు 19 చిల్లర వస్తుంది. డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను నమ్మడం కంటే బంకు లెక్కే మేలు.

పెట్రోలు సంగతి అలా ఉంచితే, ఘాట్‌లో చాలామందికి టెన్షన్ పెట్టేది పుల్లింగ్. దీని గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ఇంజిన్ గట్టిగా అరిస్తే పెట్రోలు తాగేస్తుందని, అందుకని పై గేరులోనే నెమ్మదిగా ఎక్కాలని చాలామంది నమ్మకం. నూటికి అయిదు మీటర్లు లేచే ఎక్కుడులో, నలుగురితో, 40 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు పది హార్స్‌పవర్ కావాలి. ఏసీకి ఇంకో రెండు మూడు. మూడో గేరులో ఆ వేగం దగ్గర ఇంజిన్ నిమిషానికి రెండు వేల తిరుగుళ్ల చుట్టూ ఉంటుంది, ఇరవై హార్స్‌పవర్ దాకా ఇవ్వగలదు. కాబట్టి ఒకే వేగంతో ఎక్కుతూ పోవడానికి ఇబ్బంది లేదు. ముందున్న లారీని దాటాలనుకున్నప్పుడే చిక్కు. మిగిలిన ఏడెనిమిది హార్స్‌పవర్‌తో 40 నుంచి 60కి చేరడానికి పది సెకన్లు దాటుతుంది. ఆ పది సెకన్లలో బండి 140 మీటర్ల దూరం పోతుంది. ఈ ఘాట్‌లో 140 మీటర్లు మలుపు లేకుండా కనిపించే చోట్లు వెతుక్కోవాలి. అదే రెండో గేరుకు దించితే ఇంజిన్ మూడు వేలు దాటి, తన పూర్తి టార్క్ ఉన్నచోటికి వచ్చేస్తుంది. సమయం సగానికి పడిపోతుంది. కాసేపు అరుస్తుంది, అంతే. అలా అరవడానికే దాన్ని తయారుచేశారు. దానివల్ల ఖర్చయ్యే అదనపు పెట్రోలు ఒక గుక్కెడు టీ అంత కూడా ఉండదు.

దీనికి ఎదురు తప్పు, అంటే 1,500 తిరుగుళ్ల దగ్గర మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టడం, ఇంజిన్‌కు నిజంగా చెడు చేస్తుంది. కటకటమని శబ్దం వస్తుంది, కంప్యూటర్ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, ఉన్న శక్తి కూడా తగ్గుతుంది. ఆ తర్వాత బండి ఆగిపోకుండా హాఫ్ క్లచ్ మీద మోయిస్తారు. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని, ఈ కంపెనీ క్లచ్‌లు మంచివి కావని తర్వాత వినిపించే మాటల్లో చాలావాటికి మూలం ఈ అలవాటే.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచనవుతుంది. 900 మీటర్ల దగ్గర సాంద్రత సుమారు ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ పీల్చుకునే గాలీ అంతే తగ్గుతుంది కనుక 67 హార్స్‌పవర్ కాస్తా 61, 62 అవుతుంది. కొరాపుట్, సునాబెడ, దమన్‌జోడిలో ఉండేవాళ్లు కొత్తగా విశాఖ తీసుకెళ్లినప్పుడు బండి చురుగ్గా ఉందనుకోవడం భ్రమ కాదు. ఏసీ విషయంలో కూడా చిన్న బండికి దెబ్బ ఎక్కువే. కంప్రెసర్ తీసుకునే రెండు మూడు హార్స్‌పవర్ పెద్ద కారుకు లెక్కలోకి రాదు. 60 వేగంలో అయిదారుతో సరిపెట్టుకుంటున్న చిన్న బండికి అది సగం పని అదనంగా పెట్టినట్టే. మే నెలలో గుణుపురం, రాయగడ ఎండకు ఏసీ ఆపమని ఎవరికీ చెప్పలేం కానీ, మైలేజీ తగ్గిందని ఆశ్చర్యపోవాల్సిన పని మాత్రం లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చాలా బండ్లలో కంప్యూటరే కంప్రెసర్‌ను కొద్ది సెకన్లు ఆపుతుంది. ఘాట్‌లో ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు చల్లగాలి కాసేపు తగ్గడం రిపేరు కాదు.

దిగుడులో న్యూట్రల్ వేసి వదిలేస్తే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం కార్బురేటర్ కాలం నాటిది. ఇప్పటి ఇంజిన్‌లో గేరులో ఉండగా యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఐడ్లింగ్‌లో ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. పొదుపు పేరుతో ఖర్చు పెట్టుకోవడమన్నమాట. అంతకంటే ముఖ్యంగా, 1,060 కిలోల బండి 750 మీటర్లు దిగుతుంటే ఆ 78 లక్షల జౌళ్లు ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. గేరులో ఉంటే పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్‌లో ఉంటే ఆ వాటా కూడా ముందు డిస్కులు, వెనక డ్రమ్ముల మీద పడుతుంది. బరువు తగ్గించే పనిలో బ్రేకులను కూడా బండి బరువుకు తగ్గట్టుగానే చిన్నవి పెట్టారు. వేడెక్కిన బ్రేకులో పెడల్ తొక్కుతున్నా పట్టు తగ్గిపోతుంది. రెండో గేరులో ఎక్కిన వాలును రెండో గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల పాత లెక్క చిన్న కారుకూ అంతే వర్తిస్తుంది. ఇంజిన్ ఆపేసి దిగడం సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, స్టీరింగ్ మోటారు పనిచేయదు.

ఏఎంటీ, అంటే ఈ బండ్లలో వచ్చే ఆటోమేటిక్ గేరు, దాని గురించి రెండు మాటలు చాలు. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మోటార్లు చేస్తాయి. టౌనులో హాయి. ఘాట్‌లో లారీ వెనక పాకుతున్నప్పుడు ఒకటికీ రెండుకూ మధ్య ఊగిసలాడుతుంది. అప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి మార్చి గేరు పట్టి ఉంచడమే మార్గం. వాలులో ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా చూసే హిల్ హోల్డ్ కొన్ని వేరియంట్లలోనే ఉంటుంది. కొండ ప్రాంతంలో ఉండేవాళ్లు సన్‌రూఫు కంటే ముందు దాన్ని అడగాలి.

సీఎన్‌జీ ఇంకా చిక్కు. కె10 సీఎన్‌జీలో శక్తి 57 హార్స్‌పవర్‌కు, టార్క్ 82కి తగ్గుతుంది. సిలిండర్ బరువు బండి మీద చేరుతుంది, డిక్కీ పోతుంది. కిలోకు 33.85 కిలోమీటర్లన్న అంకె బరంపురం, ఇచ్ఛాపురం మైదానంలో తిరిగేవాళ్లకు ఆకర్షణే. రోజూ తప్తపాణి ఘాట్‌లోనో సాలూరు ఘాట్‌లోనో తిరిగే బండికి తక్కువ శక్తి, ఎక్కువ బరువు రెండూ ఒకేసారి వచ్చి పడతాయి.

పెట్రోలు కూడా మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆ లెక్కన శుద్ధ పెట్రోలుతో పోలిస్తే ఈ మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తక్కువ. 10 శాతం మిశ్రమంతో పోలిస్తే మూడు శాతం పైన. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలో కూడా, పాత పద్ధతి ఇంజిన్లున్న కార్లలో ఆరేడు శాతం దాకా మైలేజీ తగ్గుతుందనే అంచనా ఉంది. మంచి వైపు, ఇథనాల్ ఆక్టేన్ (కటకట రాకుండా ఆపే గుణం) ఎక్కువ కాబట్టి ఘాట్‌లో వచ్చే కటకట శబ్దం తగ్గుతుంది. 2023కు ముందు కొన్న పాత ఆల్టోలు, హ్యుందాయ్ ఇయాన్‌లు ఇంకా ఈ జిల్లాల్లో చాలా తిరుగుతున్నాయి. వాటిలో పెట్రోలు పైపుల రబ్బరును సర్వీసింగ్‌లో ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇక ధర సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆంధ్రా కంటే ఒడిశాలో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ కాబట్టి, సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకోవడం అలవాటే. కె10 ట్యాంకు 27 లీటర్లు. నిండా కొట్టిస్తే ఘాట్ లెక్క 16తో చూసినా నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది.

టైర్లు 145 మిల్లీమీటర్ల వెడల్పు, 13 అంగుళాల రిమ్ము. ఇంత సన్నగా ఉండటం పొదుపు కోసమే. రాపిడి తక్కువ, గాలి ఎదురు తక్కువ, మార్చుకోవడం చవక. పక్కగోడ ఎత్తుగా ఉంటుంది కనుక గుంతల్లో రిమ్ము వంగే ప్రమాదం కూడా తక్కువ. వానాకాలంలో ఎర్రమట్టి కొట్టుకొచ్చిన మలుపుల దగ్గర మాత్రం పట్టు తక్కువేనని గుర్తుంచుకోవాలి. లోడు వేసినప్పుడు వెనక టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద విడిగా రాసి ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు అరుదు. గ్రౌండ్ క్లియరెన్స్ 167 మిల్లీమీటర్లన్నది ఖాళీ బండి లెక్క. అయిదుగురు ఎక్కాక వెనక భాగం బాగా దిగుతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు తగులుతుంది. ఇక్కడా బరువే.

తేలిక అంటే బలహీనం అనే మాట తరచుగా వినిపిస్తుంది. కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో పరీక్షించినప్పుడు ఆల్టో కె10కు పెద్దల రక్షణలో రెండు స్టార్లు, పిల్లల రక్షణలో సున్నా వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు ఒకటి, సున్నా. 2020లో టాటా టియాగో అదే సంస్థ పరీక్షలో నాలుగు తెచ్చుకుంది. టియాగో 1,199 సీసీ, 86 హార్స్‌పవర్, బరువు టన్నుకు దగ్గర్లో. అంటే ఆ బలానికి రెండు వందల కిలోల పైచిలుకు బరువు, దానికి తగ్గ మైలేజీ మూల్యంగా చెల్లించాల్సి వచ్చింది. 2025 మార్చిలో కె10లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ వచ్చాయి. మంచిదే. బాడీ నిర్మాణం మాత్రం ఎయిర్‌బ్యాగులు పెట్టినంత మాత్రాన మారదు. రోజూ ఖనిజం లారీల మధ్య తిరిగే కుటుంబానికి లీటరుకు నాలుగు కిలోమీటర్లు వదులుకుని టియాగో లాంటి దాన్ని ఎంచుకోవడం బుద్ధి తక్కువ పనేమీ కాదు. రాయగడ టౌనులో బడికీ మార్కెట్‌కూ తిరగడానికి, ఎప్పుడో ఒకసారి పార్వతీపురం వెళ్లడానికైతే తేలిక బండే సరిపోతుంది. అందులోనూ ఒక చిన్న తిరకాసు ఉంది. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజిన్ వేడెక్కనే వేడెక్కదు. చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కొరాపుట్ చలికాలం పొద్దుల్లో ఇది ఇంకా ఎక్కువ. నెలంతా టౌనులోనే తిరిగిన బండి ఘాట్ ఎక్కిన బండి కంటే తక్కువ మైలేజీ ఇవ్వడం అరుదేమీ కాదు.

రాయపూర్ నుంచి విశాఖకు కొరాపుట్ జిల్లా మీదుగా 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారిని నిర్మిస్తున్నారు. కొండను చుట్టి ఎక్కే బదులు సొరంగం గుండా తొలుచుకుని పోయే రోడ్డు అది. దాని మీద చిన్న కారు లెక్క తిరగబడుతుంది. మలుపులు, గేర్లు మార్చడాలు లేని చోట బరువు పెద్ద విషయం కాదు, ఎదురుగాలే అసలు ఖర్చు. గాలి ఎదురు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 దగ్గర ఉన్నదానికి 100 దగ్గర సగం కంటే ఎక్కువ కలుస్తుంది. సందుల్లో తిరగడానికి, తల తగలకుండా కూర్చోవడానికి పొట్టిగా, నిటారుగా కట్టిన బండ్లు ఇవి. గాలిని చీల్చుకుపోయే ఆకారం వాటికి లేదు. పైగా పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోతే 740 కిలోల బండి స్టీరింగ్‌లో ఆ ఊపు తెలుస్తుంది. ఆ రోడ్డులో 80 దగ్గర నిలకడగా పోతే చదునులో కంపెనీ అంకెకు దగ్గరగా రావచ్చు. 100 మీద నిలబెడితే పాత ఘాట్‌లో ఎత్తు ఎక్కినందుకు కట్టిన లీటరునే ఇక్కడ గాలికి కట్టాల్సి ఉంటుంది.